కారు పెయింటర్‌కి రాత్రిపూట ఆయాసం: మాస్క్ కొనేముందు హార్డెనర్ సంగతి తెలుసుకోండి

మీరు రాసిన దాంట్లో ముఖ్యమైన విషయాలు ముందు ఒకచోట పెడతాను. మీ తమ్ముడికి 29 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో కార్లకు గన్ను పెయింటింగ్ చేస్తాడు. ఏడాదిగా రాత్రి ఒంటిగంటకో రెండింటికో దగ్గుతో లేచి కూర్చుంటున్నాడు. ఛాతీ పట్టేస్తోంది, పిల్లికూతలు వస్తున్నాయి. ఎక్స్‌రే బాగుందన్నారు, తెమడ పరీక్షలో టీబీ లేదన్నారు, ఇన్‌హేలర్ రాసి పంపారు. సంక్రాంతికి ఊరొచ్చి పది రోజులుంటే దగ్గే లేదు. మేస్త్రీ బెల్లం, అరటిపండు తినమంటున్నాడు. ఏ మాస్క్ కొనాలి, పని మానెయ్యాలా అని మీ ప్రశ్న.

నేను చాలాకాలం పెయింట్ షాపుల్లో పనిచేసి, తర్వాత బూత్‌ల (ఫ్యాన్, ఫిల్టర్లు బిగించి పెయింట్ వేయడానికే కట్టిన గదుల) భద్రత, పనివాళ్ల శిక్షణ చూసే ఉద్యోగంలోకి వచ్చాను. డాక్టర్‌ని కాను. జబ్బు నిర్ధారించాల్సింది ఊపిరితిత్తుల డాక్టరే. కానీ ఆ డాక్టర్ దగ్గరికి ఏం తీసుకెళ్లాలో, షెడ్డులో ఏం మారాలో నేను చెప్పగలను.

మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట సంక్రాంతి గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. పనిలో ఉన్నప్పుడు ఆయాసం, పని నుంచి దూరంగా ఉన్నప్పుడు ఉపశమనం. పెద్దయ్యాక కొత్తగా ఉబ్బసం వచ్చిన ఎవరినైనా డాక్టర్ తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇదే: సెలవు రోజుల్లో తగ్గుతోందా? మీ తమ్ముడిని ఎవరూ అడిగినట్టు లేదు. డాక్టర్‌కి ఆయన కార్లు పెయింట్ చేస్తాడని తెలుసో లేదో కూడా నాకు అనుమానమే. వచ్చేసారి వెళ్లినప్పుడు "స్ప్రే పెయింటర్, హార్డెనర్ కలిపిన టూకే పెయింట్ వాడతాడు" అని చెప్పి, ఆ మాట చీటీలో రాయించండి. ఎందుకు రాయించాలో తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఆ హార్డెనర్ సంగతి. పాతకాలపు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ తిన్నర్ ఆరిపోతే ఎండేది. టూకే అలా కాదు. రెండు డబ్బాలు కలుపుతారు కాబట్టే దానికి ఆ పేరు. ఒకదాంట్లో రెజిన్, రెండోదాంట్లో హార్డెనర్. ఈ హార్డెనర్‌లో ఉండేది ఐసోసైనేట్ అనే రసాయన జాతి. కార్ల పెయింట్‌లో ఎక్కువగా హెక్సామిథిలీన్ డై ఐసోసైనేట్ నుంచి తయారైనవి వాడతారు, పొట్టిగా హెచ్‌డీఐ అంటారు. అది రెజిన్‌ను గట్టిగా పట్టుకుని పాలీయురేథేన్ పొరగా మారుతుంది. రంగు మీద చివర్లో వేసే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్‌కి, ఆ మెరుపు, ఆ గట్టిదనం అక్కడినుంచే వస్తాయి. రెజిన్‌ను అంత ఆత్రంగా పట్టుకునే పదార్థం మన శ్వాసనాళాల లోపలి పొరలో ఉండే ప్రోటీన్లను కూడా అలాగే పట్టుకుంటుంది. అప్పుడు శరీరం ఆ ప్రోటీన్‌ను పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది. కొందరిలో కొన్ని నెలలకు, కొందరిలో ఏళ్లకు ఈ గుర్తు ఏర్పడుతుంది. ఒకసారి ఏర్పడ్డాక, అంతకుముందు ఏమీ చేయని అతి చిన్న మోతాదు కూడా నాళాలను బిగించేస్తుంది. "తొమ్మిదేళ్లుగా చేస్తున్నాడు, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా" అని మీరు రాశారు. ఈ జబ్బు వచ్చే తీరే అది. ఇంట్లో ఎవరికీ ఉబ్బసం లేకపోవడం, సిగరెట్ అలవాటు లేకపోవడం కూడా దీన్నుంచి కాపాడవు.

బ్రిటన్‌లో పని స్థలాల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎస్‌ఈ లెక్క ప్రకారం, అక్కడి మామూలు పనివాళ్లతో పోలిస్తే వాహనాల స్ప్రే పెయింటర్లకు ఉబ్బసం ముప్పు 80 రెట్లు ఎక్కువ. అక్కడ బూత్‌లున్నాయి, తనిఖీలున్నాయి. మన షెడ్లలో టార్పాలిన్ పరదా కట్టి, పక్కన డెంటర్ సుత్తి కొడుతుండగా క్లియర్ కోట్ వేసేస్తారు. ఇది నేను వేళ్ల మీద లెక్కపెట్టలేనన్ని చోట్ల చూశాను.

వాసన గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఎందుకంటే నాకు తెలిసిన పెయింటర్లలో చాలామంది ముక్కును నమ్ముకునే దెబ్బతిన్నారు. షెడ్డులో గుప్పుమనే వాసనంతా తిన్నర్‌ది, పుట్టీది. బాడీ పుట్టీలో ఉండే స్టైరీన్ వాసన అయితే వీధి చివరిదాకా వస్తుంది. 2020 మే 7న విశాఖ దగ్గర వెంకటాపురంలో ట్యాంకు నుంచి లీకై ప్రాణాలు తీసింది కూడా స్టైరీనే, కాబట్టి దాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పడం లేదు. కానీ ఉబ్బసం తెచ్చే విషయంలో ప్రధాన దోషి హార్డెనర్, దానికి దాదాపు వాసన లేదు. బ్రిటన్‌లో ఐసోసైనేట్లకు 8 గంటల సగటున పెట్టిన పరిమితి ఒక ఘనమీటరు గాలిలో 0.02 మిల్లీగ్రాములు. ముక్కుకు తెలిసే స్థాయికి చేరేసరికి ఆ పరిమితి ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. కాబట్టి "వాసన పోయింది, మాస్క్ తీసెయ్యొచ్చు", "ఈ మాస్క్‌తో వాసన రావట్లేదు, బాగా పనిచేస్తోంది" అనే రెండు మాటలూ ఈ పనిలో ప్రమాదకరమే.

ఐసోసైనేట్ అని వినగానే మీరు భోపాల్ గురించి అడిగారు. 1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో లీకైంది మిథైల్ ఐసోసైనేట్. జాతి ఒకటే, రసాయనం వేరు. అది తేలిగ్గా ఆవిరై గాలిలో కలిసిపోయే రకం. పెయింట్ హార్డెనర్ అంత సులువుగా ఆవిరి కాదు, డబ్బాలో ఉన్నంతసేపు మెల్లగానే ఉంటుంది. ప్రమాదమంతా గన్ను ట్రిగ్గర్ నొక్కినప్పుడు. గాలి ఒత్తిడితో అది కంటికి కనపడనంత సన్నని తుంపరగా మారి, ఊపిరితో నేరుగా లోపలికి పోతుంది. అందుకే బ్రష్‌తో వేసే పని కంటే స్ప్రే పని ఎన్నో రెట్లు ప్రమాదం.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీసేస్తాను. "మాది వాటర్ బేస్ పెయింట్, ఏం కాదు" అని షెడ్డు ఓనర్లు అంటారు. రంగు వేసే బేస్ కోట్ నీళ్లదే కావచ్చు. దాని మీద వేసే క్లియర్ కోట్ మాత్రం దాదాపు ప్రతిచోటా హార్డెనర్ కలిపే రకమే. టూకే ప్రైమర్ కూడా అంతే. డబ్బా మీద చూడండి. ఎర్ర అంచు వజ్రాకారంలో, మనిషి ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టున్న బొమ్మ ఉంటుంది. హెచ్చరికల్లో హెచ్ 334 అన్న సంఖ్య ఉంటే, పీల్చినప్పుడు ఉబ్బసం తెప్పించగలదని తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నట్టు. డబ్బా మీది ఆ అక్షరాలు ఫోన్‌లో ఫొటో తీసి డాక్టర్‌కి చూపించండి. పెయింట్ డీలర్‌ని ఆ సరుకు భద్రతా పత్రం అడగండి, ఎస్‌డీఎస్ అంటే వాళ్లకి తెలుస్తుంది.

పగలు పని దగ్గర ఏమీ ఉండదు, రాత్రే ఎందుకు వస్తుందని అడిగారు. ఐసోసైనేట్ ఉబ్బసంలో చాలామందికి ప్రభావం ఆలస్యంగా మొదలవుతుంది. మధ్యాహ్నం పీల్చిన దానికి నాళాలు సాయంత్రమో రాత్రో బిగుస్తాయి. అందుకే ఇంట్లోవాళ్లు చల్లగాలి అనో, ఫ్యాన్ అనో, పడుకునే ముందు పెరుగన్నం తిన్నాడనో అనుకుంటారు. ఎక్స్‌రే బాగుండటం కూడా వింతేమీ కాదు, ఉబ్బసంలో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. ఆదివారం విశ్రాంతి తీసుకుని సోమవారం పొద్దున్నే స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) చేయించుకుంటే అదీ మామూలుగా రావచ్చు. ఐసోసైనేట్‌కి ప్రత్యేకమైన రక్తపరీక్ష ఉంది కానీ, జబ్బు ఉన్నవాళ్లలో కూడా చాలామందికి అది నెగెటివ్ వస్తుంది. నెగెటివ్ వచ్చిందని పెయింట్‌కి క్లీన్‌చిట్ ఇవ్వకూడదు.

మరి ఎలా తేల్చాలి? పీక్ ఫ్లో మీటర్ అని చిన్న గొట్టం ఉంటుంది, మందుల షాపులో దొరుకుతుంది, ఖరీదైనదేమీ కాదు. గట్టిగా ఊదితే ఎంత వేగంగా గాలి బయటికి పోయిందో ముల్లు చూపిస్తుంది. రోజుకు కనీసం నాలుగుసార్లు ఊదాలి: లేవగానే, పనిలో ఉండగా, పని దిగాక, పడుకునే ముందు. రాత్రి ఆయాసంతో లేస్తే అప్పుడూ ఊదాలి. ఊదిన ప్రతిసారీ మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకె రాసుకోవాలి. ఇన్‌హేలర్ వాడకముందే ఊదాలి, వాడితే వాడానని పక్కన రాయాలి. ఇలా నాలుగు వారాల పాటు, అందులో పని రోజులూ సెలవు రోజులూ రెండూ వచ్చేలా చేయాలి. వీలైతే వరుసగా వారం పైన సెలవు ఉంటే మరీ మంచిది. జబ్బు ముదిరాక ఒక్క ఆదివారంలో ఊపిరి కోలుకోదు. ఆదివారాలు కూడా దగ్గుతున్నాడని మీరు రాసింది అందుకే కావచ్చు. అంకెల పక్కన ఆ రోజు ఏం చేశాడో కూడా రాయించండి: క్లియర్ కోట్ రెండు కార్లు, పుట్టీ మాత్రమే, బఫింగ్, సెలవు. ఆ కాగితం చూస్తే ఊపిరితిత్తుల డాక్టర్‌కి సగం కథ అర్థమైపోతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, ఈ రికార్డు కోసం అతన్ని బలవంతంగా గన్ను పట్టించకండి. ఆయాసం ఎక్కువగా ఉంటే, ఇన్‌హేలర్ కొట్టినా గంటల్లో మళ్లీ వస్తుంటే, మాట్లాడుతుంటే ఊపిరి అందకపోతే, రికార్డు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐసోసైనేట్‌ను ఒకసారి పరాయిదిగా గుర్తుపెట్టుకున్న ఊపిరితిత్తులకు మళ్లీ అదే తగిలి ప్రాణం పోయిన సంఘటనలు వైద్య రికార్డుల్లో ఉన్నాయి. రెండు, ఆయాసం ఓర్చుకోగలిగేలా ఉంటే, డాక్టర్‌కి చెప్పకుండా పని పూర్తిగా మానేసి ఆరు నెలల తర్వాత వెళ్లకండి. అప్పటికి ఊపిరి కాస్త కోలుకుంటుంది, సంతోషమే, కానీ జబ్బు పనివల్లే వచ్చిందని చూపించే ఆధారం చెరిగిపోతుంది. ముందు డాక్టర్, ఆ వెంటనే రికార్డు, తర్వాత ఉద్యోగం గురించి నిర్ణయం. ఈ వరుస మార్చకండి.

ఇక మాస్క్. మీరు పంపిన మూడు మాస్కుల ఫొటోలు చూశాను. మొదటిది గుడ్డది, తుంపరను ఆపదు. రెండోది ఎన్-95, తుంపర చుక్కల్ని కొంత ఆపుతుంది, ఆవిరిని ఆపదు. మూడోది రెండు పక్కలా గుండ్రటి కార్ట్రిడ్జ్‌లున్న రబ్బరు మాస్క్. ముందు ఫిల్టర్, వెనక బొగ్గు ఉన్న ఆ రకం మొదటి రెండింటికంటే చాలా నయం. చేత్తో హార్డెనర్ కలిపేటప్పుడు, గన్ను కడిగేటప్పుడు అది వాడమంటాను. స్ప్రే చేసేటప్పుడు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. బొగ్గు నిండిపోతే మామూలు ద్రావకాలకైతే వాసన లోపలికి రావడం మొదలవుతుంది, మార్చేస్తాం. హార్డెనర్‌కి వాసన లేదు కాబట్టి బొగ్గు అయిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. పైగా గడ్డం రెండు రోజులు గీసుకోకపోయినా అంచుల దగ్గర సందు పడుతుంది.

స్ప్రే పనికి సరైనది బయటినుంచి శుభ్రమైన గాలి పంపే మాస్క్, ఎయిర్ ఫెడ్ మాస్క్ అంటారు. ముఖానికి వైజర్, దానికి గొట్టం, నడుముకు బెల్టు, ఆ గొట్టంలోకి కంప్రెసర్ నుంచి వచ్చే గాలి. వదులుగా ఉండే వైజర్ రకమైతే గడ్డం ఉన్నవాళ్లకీ పనికొస్తుంది. ఒకట్రెండు కార్ల ఫుల్ పెయింటింగ్ బిల్లులో ఆ ఖర్చు వచ్చేస్తుంది. అయితే ఓనర్లు చేసే ఒక పని చాలా ప్రమాదం: గన్నుకు పోయే గాలి గొట్టానికే మాస్క్ తగిలించేస్తారు. ఆయిల్‌తో నడిచే కంప్రెసర్ వేడెక్కితే గాలిలోకి నూనె తుంపర, కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. మామూలు బొగ్గు ఫిల్టర్ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. పీల్చే గాలి కోసమే తయారైన ఫిల్టర్ సెట్ ఉండాలి, కంప్రెసర్ గాలి తీసుకునే చోట జనరేటర్ పొగ గానీ బూత్ నుంచి వచ్చే గాలి గానీ ఉండకూడదు. ఆ గాలిని అప్పుడప్పుడు పరీక్ష చేయించాలి.

ఇంత చెప్పాక అసలు మాట. డాక్టర్ ఇది ఐసోసైనేట్ ఉబ్బసమే అని తేలిస్తే, మీ తమ్ముడికి ఏ మాస్కూ సరిపోదు. పరిమితిలో పదో వంతు తగిలినా అతని నాళాలు బిగుసుకోవచ్చు. ఎయిర్ ఫెడ్ మాస్క్ ఇంకా జబ్బు రాని పెయింటర్లని కాపాడటానికి. అతను గన్ను వదలాల్సిందే. అంతేకాదు, అదే షెడ్డులో డెంటింగ్‌కో బిల్లింగ్‌కో మారితే చాలదు, ఆ తుంపర వచ్చే గాలిలో ఉండకూడదు. జబ్బు గుర్తించిన తర్వాత ఎంత త్వరగా దూరమైతే అంత మేలు. పూర్తిగా దూరమైనవాళ్లలో కూడా ఉబ్బసం లక్షణాలు మొత్తం పోయేది సుమారు మూడో వంతు మందికే. ఏళ్లతరబడి సాగదీసినవాళ్లకు ఆ అవకాశం తగ్గిపోతుంది. మీ తమ్ముడికి లక్షణాలు మొదలై ఏడాదే అయింది. అందుకే ఇంత తొందరపెడుతున్నాను.

అతనితోపాటు ఆ షెడ్డులో ఇంకో నలుగురు కుర్రాళ్లున్నారని రాశారు. వాళ్ల కోసం ఓనర్‌తో, మేస్త్రీతో మాట్లాడండి. బూత్ ఉంటే, ఫ్యాన్ లాగుతోందా, ఫిల్టర్లు మార్చారా అని చూడాలి. బూత్ లోపలి గాలి బయటికి తోసుకురాకూడదు, బయటి గాలే లోపలికి పోవాలి. అన్నిటికంటే ముఖ్యం, స్ప్రే ఆపాక బూత్ శుభ్రపడటానికి ఎంతసేపు పడుతుందో కొలవాలి. పెళ్లిళ్లలో డీజేవాళ్లు వాడే పొగ మిషన్ ఒకటి తెచ్చి, బూత్ ఖాళీగా ఉన్నప్పుడు నిండా పొగ నింపి, ఫ్యాన్ వేసి గడియారం చూడండి. పొగ పూర్తిగా పోవడానికి పట్టిన సమయమే ఆ బూత్ శుభ్రపడే సమయం. మంచి బూత్‌లో సాధారణంగా 5 నిమిషాల లోపే పోతుంది. గోడకు ఫ్యాన్ బిగించిన మామూలు గదిలో 20 నిమిషాలు, అంతకుమించి కూడా పడుతుంది. ఆ అంకె తలుపు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. సాంబ్రాణి పొగ పెట్టి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, తిన్నర్ ఆవిరి ఉన్నచోట నిప్పు పెట్టకూడదు.

ఆ అంకె ఎందుకంత ముఖ్యమంటే, పెయింటర్లందరికీ ఒక అలవాటుంది. చివరి కోట్ అవగానే వైజర్ పైకెత్తి, రన్నింగ్ (పెయింట్ కారడం) వచ్చిందా, ఆరెంజ్ పీల్ (నారింజ తొక్కలా గరుకు) వచ్చిందా అని దగ్గరికెళ్లి చూస్తారు. బూత్‌లో తుంపర దట్టంగా ఉండే క్షణం అదే. ఆ తుంపర చాలావరకు కంటికి కనపడదు, గాలి తేటగా ఉన్నట్టే అనిపిస్తుంది. తలుపు మీద రాసిన నిమిషాలు గడిచేదాకా, లేదా బయటికి వచ్చేదాకా వైజర్ ఎత్తకూడదు. లైట్లు బాగా వేసి, వైజర్ మీది పల్చటి పొర ఎప్పటికప్పుడు మారిస్తే ఎత్తాల్సిన అవసరమే రాదు. ఈ ఒక్క అలవాటు మారడానికి డబ్బు ఖర్చు లేదు. నేను శిక్షణ ఇచ్చిన చోట్ల అన్నిటికంటే ఎక్కువ వాదన దీనిమీదే జరిగేది.

బూత్ లేని షెడ్డయితే పరదా కట్టిన మూలలో వేయడం ఆపాలి. పరదా తుంపరను లోపలే ఉంచుతుంది. బూత్ ఉన్నవాళ్ల దగ్గర కారుకింత అని మాట్లాడుకుని క్లియర్ కోట్ అక్కడ వేయించడం మేలైన దారి. అది కుదిరేదాకా, మిగతావాళ్లంతా వెళ్లిపోయాక, తెరిచి ఉన్న వైపు, ఎయిర్ ఫెడ్ మాస్క్‌తో ఒక్కడే వేయాలి. టీ తెచ్చే కుర్రాడు కూడా ఆ దరిదాపుల్లో ఉండకూడదు. గన్ను హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే) రకమైతే వెనక్కి ఎగిరే తుంపర తగ్గుతుంది, పెయింటూ మిగులుతుంది. ఓనర్‌ని ఒప్పించడానికి ఆ రెండో లాభం బాగా పనికొస్తుంది.

చర్మం సంగతి చాలామంది మర్చిపోతారు. హార్డెనర్ చేతికి అంటినా శరీరం దాన్ని గుర్తుపెట్టుకునే అవకాశం ఉంది. నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి, చిందితే వెంటనే మార్చాలి. పని అయ్యాక చేతులు తిన్నర్‌తో కడుక్కోవడం పూర్తిగా మానాలి. తిన్నర్ చర్మం మీది నూనెను తీసేసి లోపలికి దారి చేస్తుంది. సబ్బు, నీళ్లు, కొంచెం వంటనూనె చాలు. గన్ను కడిగేటప్పుడు తిన్నర్ పోసి గాల్లోకి కొట్టడం కూడా స్ప్రే లాంటిదే. పూర్తిగా ఆరని టూకే పొరను పేపర్ పట్టినా దుమ్ములో మిగిలిన హార్డెనర్ ఉంటుంది, తడిపి రుద్దడం మేలు. మిగిలిన హార్డెనర్‌లో నీళ్లు పడితే మూత బిగించకండి, కార్బన్ డయాక్సైడ్ పుట్టి డబ్బా పేలుతుంది.

బెల్లం గురించి. మేస్త్రీ ప్రేమతోనే చెప్పి ఉంటాడు, పెద్దవాళ్లు దుమ్ము పనిచేసే కూలీలకు పెట్టేవాళ్లు కూడా. తింటే నష్టం లేదు. కానీ మింగినది కడుపులోకి పోతుంది, ఊపిరితిత్తులను కడగదు. బెల్లం తిన్నాం కదా అని మాస్క్ తీసేస్తే మాత్రం నష్టమే.

చట్టం సంగతి, చీటీలో వృత్తి రాయించమని ఎందుకన్నానో ఇక్కడ తెలుస్తుంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర రసాయనాల మీద ఒక అధ్యాయమే చేర్చారు. ఆ చట్టం మూడో షెడ్యూల్‌లో, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో, ఐసోసైనేట్ల విషప్రభావం ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ జాబితాలోనూ అది ఉంది. అంటే ఇది మీ తమ్ముడి ఒంటి బలహీనత కాదు, దేశ చట్టం పేరుపెట్టి గుర్తించిన వృత్తి జబ్బు. చిన్న షెడ్లు చాలావరకు ఫ్యాక్టరీ లెక్కలోకి రావు, అది నిజమే. అయినా పనిలో వాడే పదార్థాలవల్ల వచ్చే ఉబ్బసం ఈఎస్ఐ, నష్టపరిహారం నియమాల వృత్తి జబ్బుల జాబితాలో కూడా ఉంది. మీ తమ్ముడికి ఈఎస్ఐ కట్ అవుతుంటే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లి, ఇది పనివల్ల వచ్చిందని అనుమానం అని రాతపూర్వకంగా నమోదు చేయించండి. పనివల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంటే, తాత్కాలికంగా పనిచేయలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. మామూలు జబ్బుగా రాస్తే అంత రాదు. ఈఎస్ఐ లేకపోతే, జీతం ఇచ్చిన ఆధారాలు, షెడ్డులో పని చేస్తున్న ఫొటోలు, హార్డెనర్ డబ్బాల ఫొటోలు, పీక్ ఫ్లో కాగితాలు, ఆసుపత్రి చీటీలు ఒకే ఫైలులో పెట్టి లేబర్ ఆఫీసులో అడగండి. మేస్త్రీతో గొడవ పెట్టుకోకముందే ఫొటోలు తీసుకోండి.

గల్ఫ్‌లో బాడీ షాప్‌లో మంచి జీతం ఇస్తారని అతనికి మాట వచ్చిందని చివర్లో రాశారు. జబ్బు సంగతి తేలేదాకా వద్దు. అక్కడా అదే హార్డెనర్, పైగా ఏసీ కోసం మూసిన షెడ్లు, ఆయాసం వస్తే పక్కన ఇంటివాళ్లు ఉండరు. ఫర్నిచర్ పీయూ (పాలీయురేథేన్) పాలిష్ పనికి మారతానన్నా వద్దనే చెప్పండి. స్ప్రే చేసే చాలా పీయూ పాలిష్‌ల హార్డెనర్‌లోనూ ఐసోసైనేటే ఉంటుంది, పైగా అది అపార్ట్‌మెంట్ల మూసిన గదుల్లో కొడతారు. ఫోమ్ స్ప్రే పని కూడా అదే జాతి. రంగు గుర్తుపట్టే కన్ను, తొమ్మిదేళ్ల అనుభవం ఉన్నవాడు. ఇన్సూరెన్స్ సర్వేయర్ల దగ్గర అసిస్టెంట్‌గా, పెయింట్ కంపెనీల డీలర్ దగ్గర హార్డెనర్ తగలని షేడ్ మ్యాచింగ్ కౌంటర్‌లో, కొత్త కార్ల డెలివరీ తనిఖీలో ఆ అనుభవానికి విలువ ఉంది. కొత్త చోట చేరేముందు, అక్కడ అదే ఆవరణలో స్ప్రే జరుగుతుందా అని ముందే అడగాలి.

నాలుగు వారాల పీక్ ఫ్లో అంకెలు వచ్చాక, పని వివరాలతో సహా ఇక్కడ పెట్టండి. డాక్టర్‌కి చూపించేముందు ఏ రోజులు ఎలా విడదీసి రాస్తే తేలిగ్గా కనపడుతుందో సర్దిపెడతాను. ఈలోగా ఇన్‌హేలర్ మాత్రం డాక్టర్ చెప్పినట్టే వాడాలి, బాగుందనిపించిన రోజు కూడా ఆపొద్దని చెప్పండి.